ఉపవాసాన్ని తూకం వేసినవారు



ఈమధ్య పెళ్ళిళ్ళలోనూ పేరంటాలలోనూ ఒక కొత్తమాట వినబడుతోంది. మీరూ వినే వుంటారు. విస్తరి వేసి వడ్డించబోతే, "నాకొద్దు పిన్నిగారూ, నేను పదహారు-ఎనిమిది చేస్తున్నాను" అంటున్నారు అమ్మాయిలు. రోజులో 16 గంటలు కడుపు ఖాళీగా వుంచి, తినేదేదో మిగిలిన 8 గంటల్లోనే తినటమన్నమాట. ఎన్ని గంటలైందో చేతిలోని ఫోను లెక్కపెట్టి చెబుతుంది. పక్కన కూర్చున్న పెద్దావిడ బుగ్గలు నొక్కుకుని, "ఇదేం వింతే తల్లీ! కార్తీకమాసంలో మేం చేసేది ఇదేగా" అంటుంది. "అది వేరు మామ్మగారూ, ఇది సైన్సు" అంటుంది అమ్మాయి.

నన్నడిగితే ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం వుంది. ఉపవాసం చెయ్యటం మామ్మగారికి వేల యేళ్ళుగా వచ్చిన విద్య. కడుపు ఖాళీగా వున్నప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో తూచి, కొలిచి చూడటం మాత్రం మొదలై 140 ఏళ్ళే అయింది. ఆ తూకం కథ మనం వినదగినది. ఆ త్రాసులో ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేదు అన్నది మనబోటి ఆడవాళ్ళు మరీ వినదగినది.

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. మనం అన్నిటినీ కలిపి ఉపవాసం అనేస్తాం గానీ, ధర్మశాస్త్రాలు రాసినవారు అంత తేలిగ్గా వదల్లేదు. పగటివేళ ఒక్కసారే భోంచేస్తే అది ఏకభుక్తం. పగలంతా వుండి చీకటిపడ్డాక తింటే నక్తం. నోరు తెరిచి అడక్కుండా, ఎవరైనా పెడితేనే తినటం అయాచితం. ఏమీ తినకుండా వుంటేనే ఉపవాసం. పల్లెల్లో ఒంటిపూట అన్నా, ఒక్కపొద్దు అన్నా ఈ లెక్కల్లోవే.

కార్తీక సోమవారం నక్తాన్ని గడియారం మీద పెట్టి చూడండి. ఆదివారం రాత్రి 8 గంటలకు తిన్న మనిషి, సోమవారం చుక్క చూసి తినేసరికి 22 గంటలు దాటుతుంది. అమ్మాయిల 16 గంటలు దాని ముందు ఏ మూలకి? అట్లతద్దికి తెల్లవారుజామునే లేచి గోంగూర పచ్చడీ పెరుగన్నమూ తిని, ఉయ్యాలలూగి, చంద్రుణ్ణి చూసి అట్లు తినే కన్నెపిల్ల 15 గంటలకు తక్కువ కాకుండా వుంటుంది. హైదరాబాదులో రంజాను నెల రోజాలున్నవారు తెల్లవారుజాము సహరీ నుంచి సాయంత్రం ఇఫ్తార్ దాకా 13, 14 గంటలు మంచినీళ్ళయినా ముట్టరు. జైనులు సూర్యాస్తమయం దాటితే తినరు. ఇంకా వెనక్కి వెళితే, కృష్ణ ఒడ్డున అమరావతిలో, నాగార్జునకొండలో విహారాలు వెలిగిన రోజులున్నాయి. బౌద్ధభిక్షువులకు మధ్యాహ్నం దాటాక భోజనం పనికిరాదు. మర్నాడు పొద్దున భిక్ష దొరికేదాకా అంతే. ఫోను లేకుండానే ఆ భిక్షువులు 18 గంటల ఉపవాసం చేశారన్నమాట.

అయితే వీళ్ళలో ఎవరూ నడుం సన్నబడాలని చెయ్యలేదు. భక్తి కొందరిది, ఇంద్రియనిగ్రహం కొందరిది, మొగుడు క్షేమంగా వుండాలని కొందరిది. నడుం సంగతి అనుకుంటే, మన ఏకాదశి పలారాలు మీకు నేను చెప్పాలా? అన్నం మానేశామన్న మాటే గానీ, ఉప్పుడుపిండి, సగ్గుబియ్యం కిచిడీ, నెయ్యోడే దోసెలు, పైన అరటిపళ్ళు, పాలు. మా మేనత్తగారు ఒకావిడ ఉండేది. ఏకాదశి మర్నాడు భుక్తాయాసంతో పడుకునేది పాపం.

వైద్యం పేరు మీద కూడా ఉపవాసం మనకు కొత్తకాదు. లంఖణం పరమౌషధం అని జ్వరం రాగానే అనేస్తాం. అసలు చరకసంహితలో లంఘనానికి ఒక అధ్యాయమే వుంది. ఒంటిని తేలికపరిచేది ఏదైనా లంఘనమే. అందులో పది రకాలు చెప్పారు, ఉపవాసం వాటిల్లో ఒకటి, వ్యాయామం ఇంకొకటి. కానీ అదే అధ్యాయంలో బృంహణం అని దానికి ఎదురు వైద్యం కూడా వుంది. అంటే పోషించటం, పుష్టి కలిగించటం. కృశించినవారికి, దుర్బలులకు, వృద్ధులకు చెప్పింది లంఘనం కాదు, ఆ బృంహణం. మనం సగం మాటనే సామెత చేసుకుని, మిగతా సగం అటకెక్కించాం. ఈ రెండో సగాన్ని కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

ఇక తూకం కథ. ఇది మొదలు కావటమే ఒక తమాషాగా మొదలైంది. 1880లో హెన్రీ టానర్ అనే వైద్యుడు న్యూయార్కులో ఒక హాలులో జనం చూస్తుండగా 40 రోజులు అన్నం మానేశాడు. టిక్కెట్టు కొని చూడ్డానికి వచ్చారుట జనం. ఆయన దొంగతనంగా ఏమైనా తింటున్నాడేమోనని రాత్రింబవళ్ళు కాపలా. పది రోజులు తినకపోతే మనిషి చచ్చిపోతాడని అప్పట్లో చాలామంది నమ్మకం. ఆయన చావలేదు. ఆ తర్వాత యూరపులో ఇదొక వృత్తే అయింది. గియోవన్ని సుచ్చి అనే ఇటలీ మనిషి ఊరూరా తిరిగి పస్తుండి డబ్బు సంపాదించేవాడు. 1888లో ఫ్లారెన్సులో లూయిజీ లుచియాని అనే శరీరశాస్త్ర ఆచార్యుడు అతన్ని 30 రోజులు దగ్గర పెట్టుకుని, బరువు, నాడి, మూత్రం అన్నీ పరీక్షించి ఒక పుస్తకం రాశాడు. గారడీవాడి ఆట శాస్త్రవేత్త బల్లమీదికి ఎక్కింది అక్కడే.

అసలు పెద్ద తూకం 1912లో అమెరికాలో బోస్టన్‌లో జరిగింది. అక్కడి కార్నెగీ పోషణ ప్రయోగశాలకు ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ అధిపతి. మాల్టా ద్వీపం నుంచి అగస్టినో లెవాన్‌జిన్ అనే లాయరు ఓడెక్కి వచ్చి, నామీద ప్రయోగం చేసుకోండన్నాడు. 31 రోజులు స్వేదనజలం తప్ప ఏమీ పుచ్చుకోలేదు. రాత్రిళ్ళు ఆయన పడుకున్నది మామూలు మంచం మీద కాదు. ఒంట్లోంచి ఎంత వేడి బయటికి వస్తోందో, ఎంత ప్రాణవాయువు పీలుస్తున్నాడో లెక్కగట్టే పెట్టెలాంటి గదిలో! రోజూ తూచారు, రక్తం తీశారు, మూత్రంలో నత్రజని ఎంతుందో కొలిచారు. నత్రజని ఎందుకంటే, మాంసకృత్తులు కరిగితే అది మూత్రంలో కనబడుతుంది. అంటే కండ ఎంత పోతోందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇంచుమించు 60న్నర కిలోలున్న మనిషి 47న్నర కిలోలకు దిగాడు. 1915లో బెనెడిక్ట్ ఇదంతా పెద్ద గ్రంథంగా అచ్చువేశాడు. ఇప్పటికీ ఉపవాసం గురించి రాసేవాళ్ళు ఆ పట్టికలు తిరగేస్తూనే వున్నారు.

ఏం తేలింది? మన వంటింటి భాషలో చెబుతాను. ఒంట్లో సరుకు రెండు చోట్ల నిలవ వుంటుంది. వంటగదిలో చేతికందే డబ్బా ఒకటి, వెనక వసారాలో గాదె ఒకటి. కాలేయంలో గ్లైకోజెన్ అని చక్కెరను దాచే పదార్థం వుంటుంది. అది డబ్బా. అందులో పట్టేది సుమారు 100 గ్రాములు మాత్రమే. కండరాల్లో అంతకంటే ఎక్కువే వుంటుంది గానీ, ఏ కండరం డబ్బా దానిదే, తోడికోడళ్ళలాగా ఒకరిది ఒకరికివ్వరు. గాదె అంటే కొవ్వు. ఒంట్లో 15 కిలోల కొవ్వున్న మనిషి దగ్గర లక్ష క్యాలరీలకు పైగా నిలవ వున్నట్లు లెక్క.

భోజనం చేసిన నాలుగైదు గంటలు ఆ తిన్నదే ఖర్చవుతుంది. తర్వాత డబ్బా మూత తీస్తారు. రాత్రి నిద్రలో, పొద్దున్న కాఫీకి ముందు మనం బతికేది చాలావరకు ఈ డబ్బామీదే. గంటలు గడిచేకొద్దీ రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ గాదె తలుపుకి తాళంలాంటిది. అది తగ్గితేనే కొవ్వు బయటికి వస్తుంది. 12 గంటలు, 18 గంటలు అయ్యేసరికి డబ్బా అడుక్కి వచ్చి, గాదెలోంచి తియ్యటం ఎక్కువవుతుంది. ఒకరోజు దాటేసరికి డబ్బా దాదాపు ఖాళీ. అప్పుడు కాలేయం కొవ్వుని కీటోన్లు అనే పదార్థాలుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఉపవాసమున్నవారి నోట్లో ఒక వింత వాసన వస్తుంది చూడండి, ఆ వాసన వీటిదే.

ఇక్కడ ఒక చిన్న కిటుకు చెప్పకుండా వుండలేను. గ్లైకోజెన్ ఒంట్లో ఒంటరిగా వుండదు, తనకు మూడింతల నీటిని పట్టుకుని వుంటుంది. డబ్బా ఖాళీ అయితే ఆ నీరూ పోతుంది. ఉపవాసం మొదలెట్టిన రెండు మూడు రోజుల్లో కిలో, కిలోన్నర తగ్గానని సంబరపడితే, అందులో చాలాభాగం నీళ్ళే సుమండీ. అన్నం తినగానే వచ్చి కూర్చుంటుంది.

బెనెడిక్ట్ కాలానికి ఒక చిక్కుముడి విడలేదు. మెదడుకు గ్లూకోజు తప్ప వేరే తిండి పనికిరాదని అందరూ అనుకునేవారు. దానికి రోజుకు 100 గ్రాములకు పైగా కావాలి. కొవ్వులోంచి అంత గ్లూకోజు రాదు. అంటే కండల్ని కరిగించాలి. ఆ లెక్కన అయితే మనిషి కొన్ని వారాల్లోనే కండంతా పోయి చావాలి. మరి లెవాన్‌జిన్ 31 రోజులు ఎలా వున్నాడు? 1967లో హార్వర్డులో జార్జి కహిల్, ఆలివర్ ఓవెన్ వగైరాలు దీన్ని విప్పారు. బాగా లావుండి, ఆసుపత్రిలో 5, 6 వారాలు ఉపవాసమున్న ముగ్గురు రోగుల మెదడుకు వెళ్ళే రక్తాన్నీ, మెదడునుంచి తిరిగొచ్చే రక్తాన్నీ పరీక్షించి చూశారు. మెదడు తన అవసరంలో సగానికి పైగా కీటోన్లతోనే తీర్చుకుంటోంది! కరువుకాలంలో వరి దొరక్కపోతే జొన్నతో సరిపెట్టుకున్నట్లు. ఆ సర్దుబాటువల్లే కండ మిగులుతోంది, ప్రాణం నిలుస్తోంది.

ఈ సర్దుబాటుకూ హద్దుంది. మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన దీక్ష డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణంతో ముగిసింది, 58వ రోజున. 1929లో లాహోరు జైలులో జతీన్ దాస్ 63 రోజులకు పోయారు. ఈ మహానుభావుల త్యాగాన్ని శరీరశాస్త్రంతో కొలవటం నా ఉద్దేశం కాదు. గాదె అడుగంటాక గోడలే తీసి కాల్చుకోవలసి వస్తుంది, అంతవరకే చెబుతున్నాను.

ఇప్పుడు ఇంకో ప్రయోగం. ఉపవాసం గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని ఎక్కువగా తలవరు గానీ, నా దృష్టిలో మనకు అన్నిటికన్నా దగ్గరిది ఇదే. 1944 నవంబరులో, యుద్ధం ఇంకా ముగియకముందే, అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే ఆచార్యుడు 36 మంది కుర్రాళ్ళను చేర్చుకున్నాడు. మనస్సాక్షి ఒప్పుకోక తుపాకి పట్టనన్నవాళ్ళు వాళ్ళు. యూరపులో ఆకలితో చిక్కిపోయిన జనానికి ఎలా తిండిపెట్టి కోలుకునేట్టు చెయ్యాలో తెలుసుకోవటానికి తమ ఒళ్ళిచ్చారు. వీళ్ళకు ఉపవాసం లేదు. రోజూ తిండి పెట్టారు. బంగాళాదుంప, క్యాబేజీ, టర్నిప్, రొట్టె, మాకరోనీ, రోజుకు రెండుసార్లు. అయితే చాలీచాలనంత. ఇంచుమించు 1,570 క్యాలరీలు. పని మాత్రం తగ్గించలేదు, వారానికి 22 మైళ్ళు నడవాలి. ఇలా 24 వారాలు.

బరువులో నాలుగోవంతు పోయింది. అది అనుకున్నదే. అనుకోనివి వేరే వున్నాయి. వేసవిలో కూడా చలి అన్నారు. నాడి నెమ్మదించింది. కాళ్ళకు నీరొచ్చింది, జుట్టు రాలింది, లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. చిన్నమాటకు చిరాకు, దేనిమీదా ఆసక్తి లేదు. ఒక్క తిండి తప్ప! కంచాలు నాకేవారు. చదువుకున్న కుర్రాళ్ళు పుస్తకాల షాపులకు పోయి వంటల పుస్తకాలు కొనుక్కొచ్చి రాత్రిళ్ళు చదువుకునేవారు. 1950లో కీస్ దీన్ని రెండు పెద్ద సంపుటాలుగా రాశాడు.

ఈ లక్షణాలు నేను మళ్ళీ ఒకసారి చదువుతాను, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరైనా గుర్తొస్తారేమో చూడండి. నీరసం, చలి, కాళ్ళు పొంగటం, జుట్టు రాలటం, లేస్తే కళ్ళు తిరగటం, చిరాకు. అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలినదీ, అడుగంటినదీ, చారుమీది తేటా కలుపుకుని ఆఖరున తినే ఇల్లాలు కాదూ? ఆవిడను ఎవరూ త్రాసులో కూర్చోబెట్టలేదు. పస్తు వేరు, అర్ధాకలి వేరు. పస్తున్నప్పుడు శరీరం డబ్బానుంచి గాదెకు మారుతుంది, మర్నాడు కడుపునిండా తింటే మళ్ళీ నింపుకుంటుంది. అర్ధాకలిలో రోజూ కొంచెం కొంచెం కోతే, నింపుకునే రోజంటూ రాదు. శరీరం ఇంటి ఖర్చు తగ్గించినట్లు ఒక్కో దీపం ఆర్పుకుంటూ వస్తుంది.

ఇంతదాకా చెప్పినవన్నీ మనిషి ఎంత ఓర్వగలడన్న ప్రశ్నలు. ఉపవాసం మేలు చేస్తుందా అన్న ప్రశ్న ఎలుకల దగ్గర మొదలైంది. 1935లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెక్కే, తిండి తగ్గించి పెంచిన ఎలుకలు ఎక్కువకాలం బతుకుతున్నాయని చూపించాడు. 1946లో షికాగోలో ఆంటన్ కార్ల్‌సన్, ఫ్రెడరిక్ హోల్జెల్ మరొకటి చేశారు. రోజూ తగ్గించి పెట్టటం కాకుండా, రోజులు విడిచి పస్తుంచారు. కొన్ని ఎలుకలకు నాలుగు రోజులకొకసారి, కొన్నిటికి మూడు రోజులకొకసారి, కొన్నిటికి రోజు విడిచి రోజు. మూడు రోజులకొక పస్తు అన్నిటికన్నా బాగా పనిచేసిందన్నారు. మగ ఎలుకల ఆయుష్షు నూటికి 20 వంతులు పెరిగితే, ఆడవాటికి 15 పెరిగిందిట. అక్కడా మనకు తక్కువే! ఈ హోల్జెల్ ఒక చిత్రమైన మనిషి. కడుపు నింపి ఆకలి చంపేది ఏదైనా వుందా అని దూది, గులకరాళ్ళు, గాజు పూసలలాంటివి కూడా మింగి చూసినవాడు. అయితే ఒక్కటి మరిచిపోకూడదు. ఎలుక ఒళ్ళెంత, మన ఒళ్ళెంత! ఒకరోజు పస్తు ఎలుకకు మనకన్నా ఎన్నో రెట్లు భారం. ఎలుక లెక్క మనిషికి అలాగే అతకదు.

తర్వాత చాలాకాలం ఈ మాట ప్రయోగశాలల్లోనే వుండిపోయింది. మళ్ళీ బజారుకెక్కింది 2012లో. ఆ సంవత్సరం ఒడిశానుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో సాల్క్ సంస్థలో పనిచేస్తున్న సచ్చిదానంద పాండా బృందం ఒక ప్రయోగం ప్రకటించింది. రెండు గుంపుల చిట్టెలుకలకు ఒకే కొవ్వు తిండి, ఒకే క్యాలరీలు. ఒక గుంపు ఇష్టం వచ్చినప్పుడల్లా తినవచ్చు, రెండో గుంపుకు 8 గంటలే అనుమతి. మొదటివి లావెక్కి జబ్బుపడ్డాయి, రెండోవి అలా కాలేదు. అదే సంవత్సరం బ్రిటన్‌లో మైకేల్ మోస్లీ అనే వైద్యుడు బి.బి.సి. టెలివిజన్‌లో వారానికి రెండు రోజులు బాగా తగ్గించి తినే పద్ధతిని తనమీదే చేసి చూపించాడు. మర్నాటి నుంచి ఊరంతా అదే. 2016లో జపాను శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి నోబెల్ బహుమతి వచ్చేసరికి ఇంకో మాట జతపడింది. ఆకలివేళ కణాలు తమలోని పాత, పాడైన భాగాలను తామే జీర్ణం చేసుకుంటాయి. ఆటోఫజీ అని 1963లోనే క్రిస్టియన్ ద దువ్ పేరు పెట్టాడు. దాన్ని నడిపే జన్యువులను ఓసుమి కనిపెట్టాడు. ఉపవాసానికే నోబెల్ వచ్చిందని కొందరు చెబుతున్నారు గానీ అది సరికాదు. ఆయన పనిచేసింది రొట్టెలు పొంగించే ఈస్టు కణాలమీద. మన ఏకాదశి మీదా కాదు, అమ్మాయిల 16 గంటల మీదా కాదు.

మరి మనుషుల్ని తూచి చూస్తే? ఇక్కడే హడావిడి చల్లబడుతుంది. 2017లో షికాగోలో లావున్న 100 మందితో ఏడాదిపాటు చూశారు. అందులో 86 మంది స్త్రీలే. రోజు విడిచి రోజు దాదాపు పస్తున్నవారికీ, రోజూ కాస్త తగ్గించి తిన్నవారికీ బరువులో తేడా రాలేదు. పైగా పస్తు గుంపులో మధ్యలో మానేసినవారు నూటికి 38 మంది, రెండో గుంపులో 29 మంది. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 116 మందికి 12 వారాలు, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకే తినమన్నారు. అంటే అచ్చంగా మన అమ్మాయిల పద్ధతి. తగ్గింది కిలోకి లోపే. మూడుపూటలా తిన్నవారితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. దగ్గరుండి కొలిచిన కొద్దిమందిలో, తగ్గినదాంట్లో కొవ్వుకన్నా కండే ఎక్కువని తేలింది. 2022లో చైనాలో గ్వాంగ్‌జౌలో 139 మందికి అందరికీ ఒకే రకంగా క్యాలరీలు తగ్గించి, సగంమందిని మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపలే తినమన్నారు. ఏడాదికి ఒక గుంపు సగటున 8 కిలోలు, రెండోది 6.3 కిలోలు తగ్గింది. ఆ కాస్త తేడా యాదృచ్ఛికమై వుండవచ్చునని లెక్కలు తేల్చాయి. అందరికీ కలిసొచ్చింది తక్కువ తినటం.

గడియారం వల్ల ఏమీ లేదని కూడా అనలేం. 2018లో అమెరికాలోనే అలబామా రాష్ట్రంలో చక్కెరవ్యాధి అంచున వున్నవారికి ఆఖరి భోజనం మధ్యాహ్నం 3 గంటల లోపే పెట్టారు. 5 వారాల్లో బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ బాగా పనిచేసింది, రక్తపు పోటు తగ్గింది. పెందరాళే తినటంలో ఏదో వుందన్నమాట. బాగానే వుంది, ఎంతమందిని చూశారనుకున్నారు? 8 మందిని. 8 మందీ మగవాళ్ళే. పిల్లల చదువులూ, ఆయన ఆఫీసునుంచి రావటం, అత్తగారి మందులూ అయ్యాక రాత్రి 10 గంటలకు కంచం ముందు కూర్చునే మనిషికి మధ్యాహ్నం 3 లోపు ఆఖరి భోజనం అంటే నవ్వొస్తుంది గదా. రాత్రి భోజనం ఓ గంట ముందుకి జరగాలన్నా మన ఇళ్ళల్లో అది ఆవిడ ఒక్కర్తి చేతిలో వుండదు. ఇంటిల్లిపాదీ కదలాలి.

ఇప్పుడు ఆ అటకెక్కించిన రెండో సగం దగ్గరికి వస్తున్నాను. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వుంది. అదే సర్వేలో నూటికి 24 మంది వుండవలసినదానికన్నా ఎక్కువ బరువు. రెండూ ఒకే మనిషిలో వుండవచ్చు. పైకి లావుగా కనిపించి, లోపల రక్తం లేనివారు మనలో చాలామంది వున్నారు. షికాగో, గ్వాంగ్‌జౌ ప్రయోగాల్లో ఎంచుకున్నది లావున్నవారిని. చరకుడి భాషలో లంఘనానికి తగినవారిని. ఆఖరున తిని, మధ్యాహ్నం కాఫీతో సరిపెట్టి, వారానికి రెండు ఉపవాసాలు, పైన పండగలకు పస్తులు చేసే మనిషికి కావలసింది రెండో వైద్యం. ఆవిడ కొత్తగా 16 గంటలు మొదలుపెడితే మొదట ఎగిరిపోయేది పొద్దున టిఫినే. దాంతోపాటు ఆ పూట తినవలసిన పప్పూ పాలూ కూడా పోతాయి. రక్తపరీక్ష చేయించుకుని హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తక్కువ వుందంటే, ముందు దాని సంగతి చూసుకోవాలి.

గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు, ఎదిగే పిల్లలకు ఈ పద్ధతి వద్దని వైద్యులు చెబుతూనే వున్నారు. చక్కెరవ్యాధికి ఇన్సులిన్ పొడిపించుకునేవారు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి బిళ్ళలు వేసుకునేవారు మరీ జాగ్రత్త. ఆ మందులు మీరు తిన్నా తినకపోయినా చక్కెరను కిందికి లాగుతూనే వుంటాయి. చెమటలు పట్టి, చేతులు వణికి, గుండెదడ, కళ్ళు బైర్లు కమ్మితే అది భక్తి పరవశం అనుకోకండి. వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలి. రంజానుకు ముందే డాక్టరును కలిసి మందు వేళలూ మోతాదూ మార్పించుకునే ముస్లిం సోదరీమణులు చాలామంది వున్నారు. మనం శివరాత్రికి ముందు ఆ పని చెయ్యం, ఆ పూట బిళ్ళ మానేసి వూరుకుంటాం, లేదా బిళ్ళ వేసుకుని తిండి మానేస్తాం. రోగులకూ ప్రయాణంలో వున్నవారికీ రోజానుంచి ఖురానే మినహాయింపు ఇచ్చింది. మన ధర్మశాస్త్రమూ ఎనిమిదేళ్ళ లోపువారికి, ఎనభై దాటినవారికి ఏకాదశి నియమం లేదంది. నీళ్ళు, పండు, పాలు, మందు పుచ్చుకుంటే వ్రతానికి భంగం లేదని కూడా అందులోనే వుంది. ఈ మాట మీ అత్తగారికి చెప్పి చూడండి. ఆవిడకే ముందు కావలసి వుంటుంది.